వేషం వద్దన్న మనిషి

రాత 41

ట్యాంకులు నిండుగా ఉన్నాయి. మంచు కరిగించే కొలిమి మామూలుగా నడుస్తోంది. మూడో గొట్టం మెడ దగ్గర చెమ్మ కనిపిస్తోంది. రేపు చూడాలి.

నిజానికి ఇంతవరకు రాసి ఊరుకోవాలి. కొత్తగుండం నీళ్ల గదిలో షిఫ్టు చేసినవాళ్లు రోజూ రాత రాయాలనీ, దాన్ని పై ఆఫీసు చదవాలనీ నియమం. చదివే నాథుడు లేడని నాకు బాగా తెలుసు. నిరుడు, ఎవరైనా చదువుతారేమో చూద్దామని, రెండో ట్యాంకులో మొసలి పడిందని రాశాను. ఒక్కరూ వచ్చి తొంగిచూడలేదు. ఆ రోజునుంచి ఈ రాత నా సొంతమైంది.

ఈ రోజు విశేషం, అవతలి గడ్డకు వెళ్లే మంచుబాట పగిలింది. బయల్దేరిన మంచుబండి వెనక్కి వచ్చి మా గేటు దగ్గర ఆగిపోయింది. బాట మళ్లీ గడ్డకట్టేదాకా అది కదలదు. బండివాడు బండిలోనే పడుకుంటాడు. అందులో ఉన్న ఒకే ఒక్క మనిషిని మాత్రం నా పక్కనున్న సామాన్ల గదిలోకి తోశారు, కొలిమి వెచ్చదనం తగులుతుందని. నన్ను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

పేరు ఓదేలు. అవతలి గడ్డ మనిషి. నా వయసే ఉంటుంది, నలభై దాటి. భుజానికి ఒక సంచి, మొహం మీద చెరగని నవ్వు.

"ఏం పని జేస్తవ్?" అని అడిగాను.

"ఏది పడితే అది. పొద్దుగాల రొట్టెలు కాల్చుత. బండ్లు చెడిపోతే చూస్త. ఎవలకన్న జ్వరమొస్తే మందు కలుపుత. బట్టలు గూడ కుడుత."

"అన్ని మంచిగొస్తయా?"

"ఏదీ మంచిగ రాదు," అన్నాడు, అదేదో బిరుదు చెప్పుకున్నట్టు.

పని చేసుకుంటుంటే పక్కన ఎవరైనా గొణిగితే నాకు ఒళ్లు మండుతుంది. ఈయన గొణగడు, పాడతాడు. అది ఇంకా అన్యాయం.

రాత 43

ట్యాంకులు సరి. కొలిమి సరి. మూడో గొట్టం చుక్క చుక్కగా కారుతోంది. సెలవు పూట కాబట్టి రేపటికి వాయిదా వేశాను.

సెలవు పూట క్యాంటీన్‌లో మూల బల్ల మాది. అక్కడ మా ఆట నడుస్తుంది. నేను సూత్రధారిని. అడవి, కోట, దయ్యం, రాజు, అంగట్లో గయ్యాళి ముసలమ్మ, అన్నీ నా నోటినుంచే రావాలి. ఆడేవాళ్లకు తలా ఒక పాత్ర. ఆ పాత్ర ఏం చేయబోతుందో వాళ్లు చెబుతారు, చేయగలిగిందో లేదో పాచిక తేలుస్తుంది. ప్రతి పాత్రా ఒక వేషం కట్టాలి: కత్తిమనిషి, వైద్యుడు, దొంగ, మంత్రగాడు. కత్తిమనిషి తాళం తియ్యలేడు. దొంగ గాయం కట్టలేడు. ఎవరి వేషం వాళ్లదే, ఎవరి మెట్లు వాళ్లవే.

బయట బతుకూ ఇంతే. పదహారో ఏట అచ్చు గదికి వెళ్తాం. మెడ వెనక చిన్న చుక్క అంటిస్తారు, ఒక రాత్రంతా జ్వరం కాస్తుంది, తెల్లారేసరికి మన దారి పని మన చేతులకు అంటి ఉంటుంది, అందులో పై మెట్లు మాత్రం ఏళ్ల తరబడి ఎక్కాలి. నీళ్ల దారి, ఊపిరి దారి, తవ్వే దారి, లెక్కల దారి, వైద్యం, వంట, మట్టి. ఒక దారి పడ్డాక మరో దారి పని చేతికి అంటదు. దీన్ని ఎవరైనా తిడితే నేను ఊరుకోను. సగం తెలిసినవాడి చేతిలో ఊరికి ఊపిరి అందించే గాలి తలుపు పెట్టిన రోజులు మా పెద్దలు చూశారు. మంచు కింద బతికే ఊరికి సగం తెలిసిన మనుషులు పనికిరారు.

కానీ మా బల్లకు ఒక కట్టుబాటు ఉంది. బతుకులో ఉన్న దారిని బల్ల మీదకు తేకూడదు. తవ్వే దారిలో ముసలివాడైపోయిన గట్టయ్య మామ ఇక్కడ వైద్యుడు. ఊరికంతా సూదులు పొడిచే డాక్టర్ సులోచన ఇక్కడ దొంగ, అది కూడా సిగ్గులేని దొంగ. లెక్కల దారి పోచం కత్తిమనిషి. కత్తి పట్టి అందరికన్నా ముందు ఉరుకుతాడు, అందరికన్నా ముందు కింద పడతాడు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆడేవాళ్లు చనిపోయినా, షిఫ్టు మారి రాలేకపోయినా, వాళ్ల పాత్రను చంపం. అది సూత్రధారి నోట్లోకి వస్తుంది. కథలో మా సత్రం నడిపే పెద్దమనిషి పోచం వాళ్ల అన్న ఆడిన పాత్రే. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆయన గొంతు నేను. ఆ గొంతుతో ఆయన ఏమంటాడో అదే అనాలి, నాకు కావలసింది అనిపించకూడదు. ఈ ఒక్క విషయంలో నేను అబద్ధం ఆడను.

ఈ రోజు ఓదేలు వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. కూర్చోమన్నాం. ఏ వేషం కడతావని అడిగాను.

"నాకు వేషం వద్దు."

"వేషం లేకుంటే నువ్వెవలవు?"

"ఆడుకుంట పోతే తెలుస్తది గద," అన్నాడు. "మా దగ్గర గిట్లనే ఆడుతం. గుప్పెడు గింజలు ఇస్తరు. ఏ పని మీద పెట్టుకుంటె ఆ పని వస్తది. జర కత్తి, జర వైద్యం, జర పాట."

నేను నోరు తెరిచేలోపే గట్టయ్య మామ అందుకున్నాడు. "అందరికి అన్ని వస్తే నన్నెవలు పిలుస్తరు బిడ్డా? ఈ పోచంగాడు ఉరికి ఉరికి కింద పడ్తడు. పడంగనే 'మామా' అని పిలుస్తడు. గా పిలుపు కోసమే నేను వారమంత ఎదురుజూస్త."

ఓదేలు మామ మొహం వైపు కొంచెం ఎక్కువసేపే చూశాడు. చివరికి ఆయన పాత్రకు బాటసారి అని పేరు పెట్టి, వేషం సంగతి తరువాత చూద్దామని ఆట మొదలుపెట్టాను.

ఇంకో సంగతి. అందరూ నన్ను సారక్క అంటారు. నా పేరే అది. ఓదేలు మాత్రం సారమ్మ అంటాడు. అక్కా అని ఎందుకు అనడో గట్టయ్య మామ నాకన్నా ముందే గమనించినట్టున్నాడు, ఇంటికి వెళ్తూ మీసాల్లో నవ్వుకున్నాడు.

రాత 46

ట్యాంకులు సరి. మూడో గొట్టం కథ వేరే ఉంది.

పొద్దున నేను కొలిమి దగ్గర ఉన్నప్పుడు ఓదేలు వచ్చి మూడో గొట్టం మెడకు జిగురు బట్ట చుట్టాడు. నేను తిరిగి వచ్చేసరికి గొట్టం చెయ్యి విరిగిన మనిషిలా నిలబడి ఉంది. మా ఊళ్లో ఒకరి పని ఇంకొకరు ముట్టరు. ముట్టడం తిట్టుతో సమానం.

"నన్ను అడగకుండ ఎందుకు ముట్టినవ్?"

"కారుతుంటే చూసుకుంట కూసోవాల్నా?"

"పిలువాలె. నీళ్ల దారిల ఆఖరి మెట్టు మనిషిని నేను. గోడ అవతలనే ఉన్న."

ఆయన ఆలోచనలో పడ్డాడు. పిలవడమనే పని ఒకటుందని ఆయనకు తట్టనే లేదని మొహం చూస్తే తెలిసింది. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ ఎక్కువసేపు నిలవలేదు.

సాయంత్రానికి ఆ కట్టు వదులై మళ్లీ కారింది. పెద్ద పనివాడివేలే అని కడుపుబ్బా నవ్వాను. ఆయనా నవ్వాడు. దాన్ని విప్పి సరిగ్గా బిగించడం నాకు చిటికెలో పని. ఎందుకో చేయబుద్ధి కాలేదు. కింద ఒక బకెట్ పెట్టాను.

రాత 50

ట్యాంకులు సరి. బకెట్ సగం నిండింది.

మా బల్లవాళ్లు ముగ్గురూ కలిసి నా మెడ మీద కూర్చున్నారు. గింజల ఆట ఒకసారి ఆడి చూద్దామని. సులోచనే అసలు దోషి. "వైద్యం నాకెట్లాగూ వచ్చు, దొంగతనం గూడ వచ్చింది. మంత్రాలు గూడ వస్తే ఎట్లుంటదో చూడాలె సారక్కా," అంది. వేషాల కాగితాలన్నీ పక్కన పెట్టాం. మట్టి దారివాళ్లను బతిమాలి ఓదేలు మక్కజొన్న గింజలు తెచ్చాడు. నియమం సులువు: ఏ పని చేస్తే దాని మీద ఒక గింజ.

ఒప్పుకోవాలి, ఆ పూట ఎంత బాగుందో. గట్టయ్య మామ చెట్టెక్కి వేణువు ఊదాడు. పోచం వంట చేసి రాక్షసుడికి పెట్టి స్నేహం కలిపాడు. సులోచన మంత్రం చదివి తన జుట్టే తగలబెట్టుకుంది. క్యాంటీన్‌లో మిగతా బల్లలవాళ్లు వచ్చి మా చుట్టూ నిలబడ్డారు. ఇన్నేళ్లు వేషాలు కట్టించి వీళ్లను ఇరుకున పెట్టానేమో అనిపించింది.

ఆట అయ్యాక నేనూ ఓదేలూ కలిసి నీళ్ల గదికి నడిచి వచ్చాం. ఆయన పాడాడు. ఈసారి నేను అడిగితేనే పాడాడు.

రాత 58

అన్నీ సరి.

ఓదేలు ఎవరిదో చొక్కా కుట్టిపెట్టి బియ్యప్పిండి, నువ్వులు, వాము, కాస్త నూనె సంపాదించాడు. కొలిమి మూత మీద మూకుడు పెట్టి, నా గదిలో సకినాలు చేస్తానన్నాడు. ఇది వంట దారివాళ్ల పని, తెలిస్తే గొడవవుతుందని అన్నాను. అంటూనే బట్ట పరిచాను.

ఆయన పిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ బట్ట మీద చుట్లు చుట్లుగా తిప్పాడు. ఒకటి కోడిగుడ్డులా వచ్చింది, ఒకటి పగిలింది, ఒకటి మాత్రం బాగానే వచ్చింది. నువ్వూ చెయ్యి అన్నాడు.

నాకు ఒకప్పుడు వచ్చు. పదేళ్లప్పుడు మా అవ్వ నేర్పింది. నా చుట్లు సన్నగా, దగ్గర దగ్గరగా వచ్చేవి, అవ్వ ఇరుగుపొరుగును పిలిచి చూపించేది. అదంతా నాకు గుర్తుంది. పిండి చేతిలోకి తీసుకున్నాను. వేళ్లు కదలలేదు. ఏ వేలు ముందు, ఏ వేలు తర్వాత అన్నది తెలిసి కూడా చెయ్యి వినలేదు. పిండి ముద్ద ముద్దగా రాలిపోయింది.

అచ్చు పడ్డప్పుడు నేను పోగొట్టుకున్నది ఏమిటో ఇన్నేళ్లలో నాకు ఎవరూ చూపించలేదు. ఈ రోజు చూశాను. ఆయన ముందు ఏడవకూడదని కొలిమి తలుపు తెరిచి మంట సరిచేస్తున్నట్టు నటించాను.

"పొగ కండ్లల్ల వడ్డదా?" అని అడిగాడు. కొలిమికి పొగ ఉండదని ఇద్దరికీ తెలుసు.

"అవును," అన్నాను.

వంకర సకినాలు ఇద్దరం తిన్నాం. ఉప్పు ఎక్కువైంది. అంత రుచి నేనెప్పుడూ ఎరగను.

రాత 64

ట్యాంకులు సరి. ఆట మాత్రం చెడింది.

మూడు సెలవులుగా గింజల ఆట ఆడుతున్నాం. మొదట్లో ఉన్న సంబరం కరిగిపోతూ వచ్చింది. ఎందుకో ఈ రోజే అర్థమైంది. కథలో పోచం పాత్ర గుహలో పడి కాలు విరగ్గొట్టుకుంది. సులోచన ఆపుకోలేకపోయింది. ఎముక ఎలా సరిచేయాలో, కట్టు ఎక్కడ మొదలుపెట్టాలో వరస తప్పకుండా చెప్పింది. గింజ ఇవ్వక తప్పుతుందా? గట్టయ్య మామ గోడ మీద తట్టి, చప్పుడు విని, అటు డొల్ల, ఇటు గట్టి అన్నాడు. ఆయనకూ గింజ. పోచం పడుకునే, ఉన్న తిండి ఎన్నాళ్లొస్తుందో లెక్క కట్టాడు.

ఆట ముగించి ఎవరి గింజలు ఎక్కడ కుప్పపడ్డాయో చూసుకున్నాం. సులోచన డాక్టరు. పోచం లెక్కలమనిషి. మామ తవ్వేవాడు.

మామ తన కుప్పను చేత్తో చెరిపేశాడు. "యాభై ఏండ్ల సంది తవ్వుతున్న. ఇక్కడ గూడ తవ్వుడేనా బిడ్డా? నాకు వైద్యం కావాలె. రానిదే కావాలె నాకు."

వేషం ఉన్నప్పుడు ఆయనకు రాళ్ల సంగతి తెలిసినా చెప్పే హక్కు లేదు. చేతులు ముడుచుకుని, తెలియని వైద్యం తడుముకోవాలి. ఆ అడ్డు తీసేసి, ఏమైనా కావచ్చని చెప్పేసరికి ముగ్గురూ నడిచి నడిచి తమ ఇంటికే చేరారు. ఇరుకు అనుకున్న వేషమే వాళ్లను వాళ్లనుంచి విడిపించిందన్నమాట. మళ్లీ వేషాలే కడదామని అందరం అనుకున్నాం.

ఓదేలు చాలా నొచ్చుకున్నాడు. "తప్పు నాదే. మాకు అచ్చు లేదు గద, మా గింజలు ఒక్క దగ్గర పడవు. మీకు గిట్లయితదని ఎరుకలే."

"నీ బాటసారిని మాత్రం గట్లనే ఉంచుకో," అన్నాడు పోచం జాలిపడి.

నీళ్ల గదికి వస్తూ దారిలో ఆయనే మాట కలిపాడు. "చూసినవా సారమ్మా, నా బాటసారికి అన్ని జర జర వచ్చు. కానీ గాయమైతే మామను పిలుస్తరు, తాళమైతే డాక్టరమ్మను పిలుస్తరు. నన్నెవలు పిలువరు. మా ఊళ్లె గూడ అంతే. నిరుడు నాకు జ్వరమొస్తే నేనే మందు కలుపుకున్న. పక్క గదిల మనిషి ఉన్నడు. పిలువాలన్న ఆలోచనే రాలే. ఆయనకు జ్వరమొచ్చినప్పుడు నన్ను గూడ పిలువలే."

పగలంతా నన్ను పిలిచే గొంతులే ఈ ఊళ్లో. సారక్కా నల్లా రావట్లే, సారక్కా నీళ్లు చల్లగున్నయ్. విసుక్కుంటూ బతికాను.

"మీ బల్ల మీద వేషం లేనిది ఇంకొకలు గూడ ఉన్నరు," అన్నాడు నా గది ముందు ఆగి.

"ఎవలు?"

"నువ్వే. పొద్దుగాల రాజువు, మాపటికి బిచ్చగత్తెవు. నీకు అచ్చు ఆ బల్ల దాంక పోలే."

తలుపు వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. నా గురించి నాకు ఇంత మంచి మాట ఎవరూ చెప్పలేదు.

రాత 67

బాట గడ్డకట్టింది. ఎల్లుండి మంచుబండి బయల్దేరుతుంది.

పెద్దల సభనుంచి కబురు వచ్చింది. బయటి మనిషి ఆ బండిలో వెళ్లాలి, లేదా అచ్చు వేయించుకుని ఊరివాడు కావాలి. ఊపిరి దారిలో మనుషులు తక్కువగా ఉన్నారు, అది వేస్తారు. మనిషి ఎంత పెద్దవాడైనా అచ్చు పడుతుందట, జ్వరం మాత్రం ఎక్కువ కాస్తుందట. సులోచనను విడిగా పిలిచి అడిగాను. పాట ఉంటుందా, వంట ఉంటుందా, చేతికి కుట్టు ఉంటుందా అని.

ఆమె నా కళ్లలోకి చూడలేదు. "నీకు ఉన్నయా సారక్కా?" అంది.

నేనే ఆ బండెక్కవచ్చు కదా అని కూడా ఆలోచించాను. దాచడం దేనికి. కానీ ఇక్కడ నీళ్ల దారిలో ఆఖరి మెట్టు మనిషిని నేనొక్కదాన్నే. నా కింద నేర్చుకుంటున్న పిల్ల ఇంకా కొలిమి చూసి భయపడుతుంది. నేను వెళ్తే ఊరు తాగేది ఏమిటి? అందరూ పిలిచే మనిషికి ఎక్కడికీ వెళ్లే వీలు లేదని ఈ వయసులో తెలుసుకున్నాను.

రాత 68

మూడో గొట్టం కారుతోంది.

ఓదేలు ఈ రోజంతా పాడలేదు. మధ్యాహ్నం నా కొలిమి దగ్గరికి వచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు.

"అచ్చు గది చూసొచ్చిన," అన్నాడు. "మంచిగనే ఉన్నది. మంచం గూడ మెత్తగున్నది."

"భయమైతలేదా?"

"అయితుంది. అయితే ఏంది. గాలి తలుపు కాడ నిలవడితే ఊరంత నన్ను పిలుస్తది. ఓదేలూ గాలి తక్కువున్నది, ఓదేలూ జెప్పన రా. అది గూడ ఒక బతుకే గద." కాసేపు చేతులు చూసుకున్నాడు. "నా అంతట నేను పోయి పండుకోలేను సారమ్మా. నువ్వు అడుగు. ఉండుమని ఒక్క మాట అను. ఉంట."

ఆ మాట నా నాలుక మీదే ఉంది. అనడానికి ఎంత సేపు పడుతుంది? ఉండు. అంతే.

అన్నాననుకుందాం. ఎల్లుండి జ్వరం తగ్గి లేస్తాడు. చక్కటి పనివాడవుతాడు, ఒక్క గాలి తలుపూ తప్పు వెయ్యడు. నన్ను చూసి నవ్వుతాడు కూడా. పిండి చేతికిస్తే రాలిపోతుంది. పాడమంటే, పాడేవాణ్ణని గుర్తుంది అంటాడు. అప్పుడు నా పక్క గదిలో ఉండేది ఎవరు? నేను ఉండమన్న మనిషి ఏడి?

నాకు ఓదేలు కావాలి. ఇంత వయసొచ్చాక రాసుకోవడానికి సిగ్గెందుకు, కావాలి. అందుకే అడగలేకపోయాను.

"బండికి ఆలస్యం జెయ్యకు," అన్నాను. "బట్టలు సదురుకో."

ఆయన లేచి పీట మూలకు జరిపాడు. మొహంలో కోపం లేదు.

రాత 69

బండి వెళ్లింది.

గేటు దగ్గరికి అందరూ వచ్చారు. గట్టయ్య మామ ఆయనకు ఒక పాచిక ఇచ్చాడు. పోచం కౌగిలించుకున్నాడు. "బాటసారి మా దగ్గరనే ఉంటడు, కట్టుబాటది," అంది సులోచన. ఓదేలు నావైపు చూసి, "నా గొంతు పాడుచెయ్యకు," అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం బాగానే నటించాం.

అద్దం వెనక నిలబడి చూశాను. ఆయన బండెక్కాడు. బండి తలుపు మాత్రం చాలాసేపు మూసుకోలేదు. లోపలికి చలి కొడుతోందని బండివాడు అరవడం పెదాల కదలికలో కనిపించింది. తర్వాత మూసుకుంది.

నీళ్ల గదికి వచ్చాను. సామాన్ల గదిలో నువ్వుల వాసన ఇంకా ఉంది. ఇంత నిశ్శబ్దంలో ఇన్నాళ్లు ఎలా పనిచేశానో నాకు అర్థం కావడం లేదు.

రాత 106

ట్యాంకులు సరి. కొలిమి సరి. మూడో గొట్టం కారుతోంది. నా కింద నేర్చుకుంటున్న పిల్ల బిగిస్తానంది, వద్దన్నాను. కారణం అడిగితే కసిరాను. పాపం.

చాలా సెలవుల తర్వాత ఈ రోజు బల్ల దగ్గరికి వెళ్లాను. ఇన్నాళ్లూ ఒంట్లో బాగాలేదని తప్పించుకుంటూ వచ్చాను. వెళ్తే బాటసారి గొంతు ఎత్తాలి. గట్టయ్య మామ నా గుమ్మం ముందు కూర్చుని, రాకపోతే కదలనన్నాడు.

వేషాలు కట్టుకున్నారు. మామ వైద్యుడు, సులోచన దొంగ, పోచం కత్తిమనిషి. అడవి దాటి రెండు బాటలు చీలే చోటికి వచ్చారు. అక్కడ రాయి మీద బాటసారి కూర్చుని ఉన్నాడని చెప్పాను. తప్పదు కదా.

సులోచన దొంగ ఆయన పక్కన చతికిలబడింది. ఇదంతా సులోచన ముందే అనుకుని వచ్చిందని నాకు తర్వాత తెలిసింది.

"బాటసారన్నా, ఒక మాట అడుగుత. నిజం జెప్పాలె. గా ఊళ్లె ఒకామె ఉండె గద. ఉండుమని అడుగుతె ఉండేటోనివా?"

పోచం పాచికలు తిప్పడం ఆపేశాడు. ముగ్గురూ నావైపు చూశారు, సారక్క వైపు కాదు, బాటసారి వైపు. ఆ గొంతుతో అబద్ధం ఆడకూడదు. ఆయన ఏమంటాడో అదే అనాలి.

"ఉండేటోన్ని," అన్నాను ఓదేలు గొంతుతో.

"మరి అడగలే గద. కోపమున్నదా?"

నేను వెతుక్కోలేదు. ఆయన మాట దానంతట అదే వచ్చింది. "కోపం లేదు. ఎందుకు అడగలేదో ఎరుకనే. ఎరుకై గూడ, బండెక్కినంక తలుపు పట్టుకొని నిలవడ్డ. బండాయన తిడుతనే ఉన్నడు. జరసేపు చూసిన, వస్తదేమో అని."

అని, బల్ల మీద తల వాల్చి ఏడ్చాను. సూత్రధారి ఆట మధ్యలో ఏడవకూడదని నియమమేమీ లేదు. సులోచన నా వీపు మీద చెయ్యి వేసింది. క్యాంటీన్‌లో ఎవరూ మావైపు చూడలేదు, లేదా చూడనట్టు ఉండిపోయారు.

మామ నీళ్ల గ్లాసు నా ముందుకు జరిపాడు. "తాగు బిడ్డా. నీ నీళ్లే," అన్నాడు. నేను తాగేదాకా ఆగి, "ఆట నడువనియ్యి. తోడేళ్లు వచ్చినయన్నవ్ గద," అన్నాడు.

అనలేదు నేను. అయినా వచ్చాయని చెప్పాను. అలవాటు ప్రకారం పోచం కత్తి దూసి ముందుకు ఉరికాడు. అలవాటు ప్రకారం పాచిక తిరగబడింది. తోడేలు మీద పడింది, కత్తిమనిషి నేల కరిచాడు, నెత్తురు కారుతోంది. ఇక పోచం మామను పిలవాలి. మామ వైద్యం సంచి చేతిలో పట్టుకుని సిద్ధంగానే ఉన్నాడు, ఆ పిలుపు కోసమే వారమంతా ఎదురుచూసే మనిషి.

పోచం మామవైపు చూశాడు. మామ తల ఊపి, సంచి కింద పెట్టాడు.

"బాటసారన్నా," అని పిలిచాడు పోచం. గట్టిగా, క్యాంటీన్ అంతా వినబడేలా. "బాటసారన్నా, జెప్పన రా."

కళ్లు తుడుచుకున్నాను.

"వస్తున్న," అన్నాను, ఓదేలు గొంతుతో.